కత్తెరగారి రేకుడబ్బా

"గాజులు," అన్నారు కత్తెరగారు.

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ గాజులు తీసి రేకుడబ్బాలో వేసింది. తాళంచెవుల గుత్తి వేసింది, ఫోను వేసింది. కాసేపు ఆలోచించి జేబులోంచి ఒక చిన్న స్క్రూడ్రైవరు కూడా తీసి వేసింది. అన్నిటికంటే పైన, మడతపెట్టిన పాత తువ్వాలు మీద, కత్తెరగారు తన చేతి గడియారాన్ని పడుకోబెట్టి మూత వేశారు. అది రోజూ కీ ఇచ్చుకునే గడియారం. గదిలో అందరూ నోరు మూసుకున్నప్పుడు దాని చప్పుడు మైకులోకి సుత్తిదెబ్బలా వెళ్తుందని ఆయన నమ్మకం. అందుకే ఎంతటివాళ్ళు వచ్చినా ముందు డబ్బా, తర్వాతే మైకు.

రికార్డింగు గది ఒకప్పుడు చెప్పుల కొట్టుకు సామాన్ల గది. గోడలకు పాత బొంతలు కొట్టినా, నేలమీద తివాచీ పరిచినా, ఉక్కపోసిన రోజున రబ్బరు వాసన ఎక్కడినుంచో ఊడిపడుతుంది. కత్తెరగారు ఆవిడను కూర్చోబెట్టి, మైకును ఆవిడ నోటికి జానెడు దూరంలో పెట్టి, రెండో మైకును బల్లమీద ఆవిడ తెచ్చిపెట్టిన చేతి కుట్టుమిషన్ వైపు వంచారు.

"అర నిమిషం. మాట్లాడొద్దు."

ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. ఏ రికార్డింగుకైనా ముందు ఆయన గది నిశ్శబ్దాన్ని పట్టుకుంటారు. నిశ్శబ్దమంటే అన్నిచోట్లా ఒకటే అని మనలాంటివాళ్ళు అనుకుంటాం. కాదట. గది గదికీ తేడా ఉంటుందట. ఒక మాట కోసేస్తే మిగిలిన ఖాళీలో అదే గది నిశ్శబ్దాన్ని అతికించాలి. లేకపోతే వినేవాడికి నడుస్తూ నడుస్తూ గోతిలో కాలు పడ్డట్టుంటుంది.

ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పని ఇదే. మొదట్లో రేడియోలో టేపును బ్లేడుతో కోసి, ముక్కలు మెడలో వేసుకుని, కావలసినవి అతికించేవారు. కత్తెర అనే పేరు అప్పటిది. బ్లేడు పోయి కంప్యూటరు వచ్చింది, రేడియో పోయి పాడ్‌కాస్టు వచ్చింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. ఎవరో గొంతు సవరించుకుంటారు, ఎవరో పెదాలు చప్పరిస్తారు, ఎవరో వాక్యానికి నాలుగు "అంటే"లు, రెండు "అదే"లు పోస్తారు. కత్తెరగారు వాటన్నిటినీ ఏరి పారేస్తారు. ఆయన చేతిలో పడితే ఎంత నత్తనడక మనిషైనా గలగలా మాట్లాడినట్టే వినిపిస్తాడు.

పాపం, ఆ విద్య ఆయన నోటికే తాళం వేసింది. ఏదైనా చెప్పబోతే తన నోటినుంచి వచ్చిన మొదటి "అంటే" తనకే వినిపించేది. ఇది కోసేయాలి కదా అనుకునేవారు. రెండోది వచ్చేసరికి ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకునేవారు. అలా ఊరుకుంటూ ఊరుకుంటూ, ఇంట్లో "ఊ", "సరే", "తర్వాత" అనే మూడు మాటలతో సంసారం లాక్కొచ్చేశారు.

కుట్టుమిషన్ల ఆవిడ మొదలుపెట్టింది. "న... న... నమస్కారం. మీ మిషన్ క... క... కుట్లు వదిలేస్తోందా?"

ఆవిడకు నత్తి. చిన్నప్పటినుంచీ ఉంది. ఇంతకుముందు రెండు ఛానళ్ళవాళ్ళు ఆవిడ గొంతు విని మర్యాదగా వద్దనేశారు. మూడోవాళ్ళు ఈ సాయంత్రం ఐదింటిలోగా మొదటి భాగం పంపమన్నారు. నచ్చితే పన్నెండు వారాలు నడుపుతారు. నచ్చకపోతే ఇక అడిగే చోటు కూడా లేదు. ఆవిడ కోరిక పెద్దదేమీ కాదు. సూది ఎటు తిప్పి పెట్టాలో తెలియక ఆడవాళ్ళు నిక్షేపంలాంటి మిషన్లను మూలన పడేస్తున్నారు, బతుకుతెరువు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళకు చెప్పాలి, అంతే.

ముందు వంగిన సూదితోనే చక్రం తిప్పుతూ మాట్లాడింది. తర్వాత సూది మార్చి, మళ్ళీ తిప్పుతూ మాట్లాడింది. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. బయటకు వచ్చేసరికి మొహమంతా చెమట.

"సార్, నా న... నత్తి ఒక్కటి కూడా వినపడకూడదు. మీ కాళ్ళు ప... పట్టుకుంటాను."

స్టూడియో యజమానురాలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, ఎప్పుడూ ఏదో ఒక గడువు నెత్తిమీద పెట్టుకునే తిరుగుతుంది. "బాబాయ్ గారి చేతిలో పడ్డాక భయమెందుకండీ? మీరు మూడింటికి రండి. మీ గొంతు మీరే గుర్తుపట్టలేరు," అంది.

కత్తెరగారు తల ఊపి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు.

ఆయన పని చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. వీపు నిటారుగా, గడ్డం కాస్త పైకి, కళ్ళు సగం మూసి ఉంటాయి. వేలు ఆగిందంటే కోత పడినట్టే. "క... క..." పోయి "కుట్లు" మిగిలింది. మధ్యాహ్నానికి నూట నలభై కోతలు పడ్డాయి. ముప్పై ఒక్క నిమిషాలు ఇరవై రెండయ్యాయి.

అన్నం డబ్బా విప్పుతుండగా భార్య ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"ఊ."

"నా మిషన్ మళ్ళీ కుట్లు వదిలేస్తోందండీ. దిండు గలీబు సగంలో ఆగిపోయింది."

"తర్వాత చూద్దాం."

"అలాగే. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ కత్తిరించుకోండి గానీ, మీవి నాలుగు మిగిల్చి ఇంటికి తెండి," అని నవ్వి పెట్టేసింది. ఆ నవ్వులో నిష్ఠూరం ఉందని ఆయనకు తెలుసు. ఒక్కొక్క ఊపిరినీ విడదీసి వినగలిగే చెవులవి, ఆమాత్రం తెలియకుండా ఉంటుందా? తెలిసీ అన్నం కలుపుకున్నారు.

మూడింటికి కుట్టుమిషన్ల ఆవిడ వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి మాట వినగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎక్కడా తట్టు లేదు, తడబాటు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది నేనేనా?" అంది, అదీ తడబడకుండా. యజమానురాలు చప్పట్లు కొట్టింది. కత్తెరగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇలాంటి క్షణాల కోసమే కదా ఈ వెధవ కుర్చీలో నడుము పడిపోయేలా కూర్చోవడం.

ఆరో నిమిషంలో ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ... ఆపండి. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. ఆవిడ బల్లమీద వేలితో తాళం వేస్తూ వింది. వేలు రెండుసార్లు గాల్లోనే ఆగిపోయింది.

"సార్, ఈ మిషన్ కుట్లు వదిలేస్తోంది."

"మాటలు బాగానే..."

"మాటలు కాదు. సూది మ... మార్చాక కూడా చక్రం గెంతుతోంది. నేను బాగుచేసిన మిషన్ ఇలా క... కుట్టదు."

కత్తెరగారు హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నారు. ముప్పై నాలుగేళ్ళ చెవులకు అప్పుడు వినిపించింది. ఆవిడ మాట ఆగినప్పుడు కూడా చెయ్యి ఆగలేదు. మాట తడబడుతున్నా చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన నత్తిని కోసినచోటల్లా రెండు మైకుల్లోనూ ఒకేసారి కోత పడి, దానికిందున్న నాలుగు కుట్లూ పోయాయి. నిక్షేపంలాంటి మిషన్ని చెడగొట్టింది తన వేలే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వేరేచోట చప్పుడు తెచ్చి అతికిస్తాను," అన్నారు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పాత సూది చప్పుడు వేరు, కొత్త సూది చప్పుడు వేరు. సూది దిగేకొద్దీ మారుతుంది. వినేవాళ్ళు ప... పట్టుకోవాల్సింది ఆ తేడానే. అతికించింది వింటే వాళ్ళేం నేర్చుకుంటారు?"

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంది. గోళ్ళ కింద నూనె మరక, బొటనవేలి మీద సూది గుచ్చుకున్న పాత మచ్చ. నలభై ఏళ్ళుగా దాచుకుంటూ వచ్చిన నోరు ఒకపక్క, ఎవరూ వేలెత్తి చూపలేని చేతులు మరోపక్క.

"నత్తి ఉంచేయండి," అంది చివరికి. "మిషన్ మాత్రం బా... బాగుండాలి."

"అమ్మో!" అంది యజమానురాలు. "ఇలా పంపితే వాళ్ళు ఒప్పుకోరండీ. బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి."

కత్తెరగారు చెప్పారు. ఆ స్టూడియోలో ఆయన అంత పొడుగు మాట్లాడడం ఎవరూ విని ఎరగరు.

"అంటే... చూడమ్మా. అంటే ఇన్నాళ్ళూ నేను, అదే, తప్పులు తీసేయడమే పనితనం అనుకున్నాను. తీసేయాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్యాను రొద ఉంది, కుర్చీ కిర్రు ఉంది. అవి తీస్తాను. అంటే, ఈవిడ మాట ఆగినా మిషన్ ఆగలేదు చూశావా, అది... అది వినపడాలమ్మా. ఆ ఒక్కటీ వింటే చాలు, ఈవిడకు పని వచ్చని ఎవరైనా నమ్ముతారు."

మూడు "అంటే"లూ ఆయనకు వినిపించాయి. అయినా ఆగలేదు.

చక్రం తిరుగుతున్న చోటల్లా కోతలు వెనక్కి తీసేశారు. నూట నలభైలో ఇరవయ్యే మిగిలాయి. ఆవిడ పక్కనే కూర్చుని, కుట్టు సరిగ్గా పడినచోట తల ఊపుతూ వచ్చింది. ఫ్యాను రొద పోయింది, కుర్చీ కిర్రు పోయింది, గొంతుకూ మిషన్‌కూ పాళ్ళు కుదిరాయి. ఇప్పుడు గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా ఉంది. "క... క... కుట్లు" అంటున్న మాట కింద కొత్త సూది ఒక్క కుట్టు కూడా వదలకుండా పోతోంది. ఆవిడ సిగ్గుపడుతూనే చివరిదాకా వింది. ఐదింటికి ఎనిమిది నిమిషాలుందనగా యజమానురాలు దేవుడి మీద భారం వేసి పంపేసింది.

కుట్టుమిషన్ల ఆవిడతో మెట్లు దిగుతూ కత్తెరగారే అడిగారు. "అమ్మా, మా ఇంట్లో మిషన్... అంటే, మా ఆవిడది, కుట్లు వదిలేస్తోంది. సూది చదునువైపు ఎటుండాలన్నావు?"

"మీరు ర... రోజంతా విన్నారు కదా అన్నయ్యా!"

"విన్నాను. కోస్తూ విన్నాను."

ఆవిడ పకపకా నవ్వింది. బస్టాపు దాకా ఆగి ఆగి ఆవిడ చెబుతూనే ఉంది, తడబడుతూ ఆయన అడుగుతూనే ఉన్నారు. ఏ తొందరా లేదు ఇద్దరికీ.

మర్నాడు పదింటికి ఛానలువాళ్ళ జవాబు వచ్చింది. రెండో భాగం ఎప్పుడు పంపుతారు అని ఒకే ఒక్క వాక్యం. యజమానురాలు ఆ మాట చెబుదామని కత్తెరగారికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. తెల్లవారి లేపబోతే ఆయన లేవలేదని చెప్పింది.

మూడు వారాల తర్వాత ఆయన భార్య స్టూడియోకు వచ్చింది. ఆ రోజే రెండో భాగం రికార్డింగు. కుట్టుమిషన్ల ఆవిడ అక్కడే ఉంది. యజమానురాలు రేకుడబ్బా తెచ్చి, మూత తీసి, గడియారం ఆమె చేతిలో పెట్టింది.

"ఆ రోజు మ... మాటల్లో పడి మరిచిపోయారమ్మా," అంది కుట్టుమిషన్ల ఆవిడ.

"నాకూ అదే చెప్పారు. చేతికి గడియారం ఏదండీ అంటే, డబ్బాలో ఉండిపోయింది, రేపు తెచ్చుకుంటాలే అన్నారు. వస్తూనే మిషన్ ముందు కూర్చుని సూది మార్చారు. ఎవరో ఒకావిడ ఉందనీ, చెయ్యి ఆపకుండా మాట్లాడుతుందనీ ఒకటే చెప్పడం. వందసార్లు 'అంటే' అని ఉంటారు." ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నా పెళ్ళయ్యాక అన్ని మాటలు విన్నది ఆ ఒక్క సాయంత్రమే. మిషన్ ఇప్పుడు బ్రహ్మాండంగా కుడుతోంది. ఈ గడియారం నా మొదటి కుట్టుకూలితో నేనే కొనిపెట్టాను."

"తీసుకెళ్ళండమ్మా," అంది యజమానురాలు.

ఆమె గడియారాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుంది. బొటనవేలితో మెల్లగా కీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత తిరిగి తువ్వాలు మీద పడుకోబెట్టింది.

"దాని చోటు ఇదే. నేను కూర్చుని వింటాను, మీరు మొదలుపెట్టండి," అంది.

కుట్టుమిషన్ల ఆవిడ గాజులు తీసింది. యజమానురాలు గది తలుపు వేసి, ఆయన నేర్పినట్టే, అర నిమిషం ఎవరూ మాట్లాడొద్దని చెయ్యెత్తింది. బయట బల్లమీద, మూత వేసిన రేకుడబ్బాలో, గాజుల పక్కన ఆ గడియారం నడుస్తూ ఉంది.