కండె మార్చి చూడు

“నీ చెయ్యి వడ్డకాడికెల్లి బండి కరాబైంది,” అన్నాడు సోమలింగం, పెళ్లాం చేసిన పచ్చిపులుసు రెండోసారి పోసుకుంటూ.

మంచం మీది కనకవ్వ ఊరుకుంటుందా? “ఆడిదాని చేతిల వెడితే బండి ఏడ్వదా కొడుకా!”

పద్మారాణి గిన్నెలు తోముతోంది. జవాబు చెబితే నోరెక్కువంటారు, చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఈ ఇంట్లో ఏది చెడినా ముందు ఆమె చేతులే చూస్తారు. పప్పు మాడితే ఆమె, బిందె సొట్టబోతే ఆమె, పెళ్లయి ఇన్నేళ్లయినా ఉయ్యాల కట్టకపోతే అదీ ఆమే. సూరత్‌లో ఆమె ఎక్కని ఆస్పత్రి బల్ల లేదు. నీలో లోపమేమీ లేదు, మీ ఆయన్ని పట్టుకు రమ్మని ప్రతి డాక్టరమ్మా చెప్పి పంపింది. “మగోనికి టెస్టేందే?” అని నవ్వి మగ్గాల షెడ్డుకు పోయాడాయన. ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇంకా ఆరలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడి వాళ్లుండే నవాగామ్‌లో మగ్గాలు ఆగిపోయినప్పుడు, కిరాయికి తిప్పుదామని ఆయన కొని మూలకు పెట్టిన పాత కారు ఆమెకు అక్కరకొచ్చింది. రొట్టెలు కాల్చి, పప్పు వండి, అడాజన్ ఫ్లాట్లలో జబ్బుపడ్డవాళ్ల గేట్లకు డబ్బాలు తగిలించి వచ్చేది. ఇంటి పొయ్యి దాని మీదే వెలుగుతోంది. కానీ పెళ్లాం కారు నడిపితే పక్కన కూర్చునే మగాడని గల్లీ నవ్వింది కదా, అది ఆయనకు ఆకలికన్నా ఎక్కువ కాలింది. ఇంతలో ఇంజన్ గుర్తు పసుపుపచ్చగా వెలిగింది. సాకు దొరికింది. లైటు మీద నల్ల టేపు అంటించి, కారు అమ్మేద్దామని అమ్రోలి నుంచి బేరగాణ్ణి పిలిచాడు. ఎల్లుండి వస్తాడట.

“మరి డబ్బాలెట్ల?” అంది పద్మారాణి.

“కాళ్లు లేవా?” అన్నాడు.

ఆమె అప్పటికే ఫోన్‌కు కలిసే చిన్న స్కానర్ తెప్పించుకుంది. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో 0302 అని పడుతోంది. రెండో సిలిండర్‌లో మంట సరిగా రాజుకోవడం లేదని దానర్థం. ఎందుకో అది చెప్పదు. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

ఆ రోజు గిన్నెలు తోముతుంటే, మొగుడికి సద్ది తీసుకుపోయినప్పుడు షెడ్డులో చూసింది గుర్తొచ్చింది. గుడ్డలో గీతలు పడితే సేటు మగ్గంవాణ్ణే తిట్టేవాడు. పాత పనివాళ్లు మాత్రం మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలోని నూలు కండె తీసి పక్క మగ్గంలో వేసి చూసేవాళ్లు. గీత అక్కడికి పోతే తప్పు నూలుది. ఇక్కడే ఉంటే మగ్గానిది. ఎవడి తల్లినీ తిట్టనక్కర్లేదు.

మరునాడు పొద్దున, మొగుడు ముసుగు తన్ని ఉండగానే, బానెట్ ఎత్తింది. రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చింది. ఫోన్‌లో పాత కోడ్ చెరిపింది. టేపు పీకి పారేసింది.

“ఇయ్యాల నువ్వే నడుపు. నా చెయ్యి మంచిది కాదు గదా,” అంది మధ్యాహ్నం.

సోమలింగం మీసం దువ్వుకొని ఎక్కాడు. తాపీ నది వంతెన మధ్యకు రాగానే కారు వణికింది. లైటు వెలిగింది.

“ఏం జేసినవే దీన్ని?”

“డబ్బాలు ఒళ్లె వెట్టుకొని కూసున్న. స్టీరింగ్ నీ చేతిలనే ఉన్నది.” ఫోన్ చూపించింది. 0303. “రెండోదాని కాయిల్ పొద్దున మూడోదానికి వెట్టిన. తప్పు దానెంబడే పోయింది. కాయిల్ కరాబు. నా చెయ్యి గాదు.”

ఆయన గొంతు తగ్గించి, “చెరిపెయ్. అమ్మకు చెప్పకు” అన్నాడు.

“చెరప. కొత్త కాయిల్ ఏస్త. బండి అమ్మేది లేదు.”

“నిన్నెవలడిగిన్రే?”

“ఎవ్వలడగరనే నేనే చెప్తున్న.”

అడాజన్‌లో డబ్బాలన్నీ గేట్లకు తగిలించింది. తిరిగొచ్చి తన సీటువైపు పోలేదు. ఆయన వైపు తలుపు తెరిచి నిలబడింది.

“జరుగు.”

నలుగురూ చూస్తున్నారు. ఆయన జరిగాడు. ఆమె మాస్కు సర్దుకుని స్టీరింగ్ పట్టింది. కారు దగ్గుతూనే కదిలింది. ఇంటికైతే వంతెన వైపు పోవాలి, ఆమె ఎదురు దిక్కుకు తిప్పింది.

“గిటెటే?”

“ల్యాబుకు. నా టెస్టులన్నీ అయినయ్,” అంది పద్మారాణి, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే. “ఇగ కండె మార్చి చూద్దాం.”