రోహిణి నక్షత్రమంతా హనుమాన్ జంక్షన్‌లోనే

సత్యశ్రీ మెడలో తాళి పడి రెండు గంటలైనా కాలేదు, నడుం దగ్గర దోపుకున్న సెల్‌ఫోన్ బుయ్యిమని వణికింది. కల్యాణమండపంలో అప్పుడే బువ్వం బంతి మొదలైంది. రెండు వైపుల చుట్టాలూ ఎదురెదురుగా కూర్చుని, కొత్త జంట చేత ఒకే పళ్ళెంలో తినిపిస్తూ నానా అల్లరీ చేసే భోజనం అది. పెళ్ళికొడుకు జానకిరామ్ అందించిన పూర్ణంబూరె నోట్లో ఉంది. అవతల పిలుస్తున్నది ఆఫీసు. కొత్త పెళ్ళికూతురు తల బాగా దించి, కొంగు చాటున ఫోన్ చెవికి ఆనించుకుంది.

"సత్యా, తిట్టుకోకే" అంది హన్నా. విజయవాడ స్టూడియోలో సత్యశ్రీతో కలిసి కంప్యూటర్లు చూసే అమ్మాయి. "ఏ ఊరి వాళ్ళు ఏ ఫొటో అడిగినా 'వెతుకుతున్నాను' అనే వస్తోంది. మైలవరం మిషను ఖాళీ, చల్లపల్లిది ఖాళీ, మన దగ్గరదీ ఖాళీయే. హనుమాన్ జంక్షన్‌ది ఒక్కటీ రొప్పుతోంది."

సత్యశ్రీ గుండె జారిపోయింది. ఎందుకు జారిందో తెలియాలంటే లక్ష్మీకాంత్ గారి సంగతి చెప్పాలి. ఆయనకి ఈ నాలుగు ఊళ్ళలోనూ ఫొటో స్టూడియోలున్నాయి. పొద్దున పెళ్ళిలో తీసిన ఫొటోలు సాయంత్రం రిసెప్షన్‌లో పాటలతో సహా తెర మీద వేసి చూపించడం ఆయన పెట్టిన కొత్త వేడుక. రెండు వేల ఎనిమిదిలో కృష్ణా జిల్లా అంతా దానికి వెర్రెత్తిపోయింది. ఫొటోలన్నీ ఒకే కంప్యూటర్లో పట్టవు గనక నాలుగు ఊళ్ళ కంప్యూటర్లనీ బ్రాడ్‌బ్యాండ్‌తో కలిపి, ఒక్కో ఫొటోకి రెండు కాపీలు రెండు ఊళ్ళలో దాచే ఏర్పాటు చేసింది సత్యశ్రీ. లక్ష్మీకాంత్ గారు ఒప్పుకుంటూనే మెలిక పెట్టారు. "ఈ సీజన్లో ఒక్క రిసెప్షన్‌లో షో పడకపోయినా వైర్లు పీకించేస్తానమ్మాయ్. మళ్ళీ పాత పద్ధతే, సీడీలు బస్సు కండక్టర్లకిచ్చి పంపడమే."

దాచడం పెద్ద విషయం కాదు. ఎవరి పెళ్ళి ఫొటో ఏ ఊళ్ళో, ఏ డిస్కులో ఉందో చెప్పే వివరం ఉంటుంది చూశారూ, మెటాడేటా అంటారు, ప్రాణమంతా దాంట్లోనే. ఫొటో పోతే రెండో కాపీ ఉంది. వివరం దొరక్కపోతే లక్ష ఫొటోలుండీ లేనట్టే. ఆ వివరాలన్నీ ఒకే మిషను మీద పెడితే అది చతికిలబడుతుందని, వాటినీ నాలుగు ఊళ్ళకి పంచింది సత్యశ్రీ. ఎలా పంచిందనుకున్నారు? ముహూర్తం నక్షత్రాన్ని బట్టి! పెళ్ళివారు రసీదు పారేసుకుంటారేమో గానీ నక్షత్రం మర్చిపోరు కదా. అశ్విని నుంచి పునర్వసు దాకా హనుమాన్ జంక్షన్, పుష్యమి నుంచి చిత్త దాకా చల్లపల్లి, అలా ఇరవై ఏడూ పంచేసింది. ఏడాది మొత్తం పెళ్ళిళ్ళు లెక్కేస్తే నాలుగు వాటాలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఆ రోజు తనని తాను ఎంత మెచ్చుకుందో!

"ఇవాళ నక్షత్రం ఏంటే?" అని గొణిగింది ఇప్పుడు.

"నన్నడుగుతావేంటి? మాకు చర్చిలో నక్షత్రాలుండవు. నీ శుభలేఖలో రోహిణి అని ఉంది."

రోహిణి! ఏడాదికి సరిపోయిన లెక్క ఒక్క రోజుకి సరిపోవాలని ఎక్కడుంది? రోజుకి నక్షత్రం ఒకటే. రోహిణి ఉన్ననాడు పెళ్ళిళ్ళన్నీ రోహిణిలోనే అవుతాయి. జిల్లాలో పందిళ్ళన్నీ కట్టగట్టుకుని ఆ ఒక్క జంక్షన్ మిషను నెత్తినే కూర్చున్నాయి, తన పెళ్ళితో సహా. సత్యశ్రీకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోతే భుజాలు ఊగిపోయాయి.

"చూశారా, అప్పగింతలు రాకుండానే ఏడుపు మొదలెట్టింది పిచ్చితల్లి" అంది మేనత్త తిరుమల. ఆ మాట వినగానే సత్యశ్రీ తండ్రి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. కైకలూరు చేపల మార్కెట్‌ని ఒక్క కేకతో అదిలించే మనిషి.

"హన్నా, విను" అంది సత్యశ్రీ. "రోహిణి వివరాలన్నీ పెళ్ళికూతురి ఇంటిపేరుని బట్టి నాలుగు వాటాలెయ్యి. ఒక వాటా జంక్షన్‌కే ఉంచి మూడు మిగతావాటికి పంపు. ఏ ఇంటిపేరు ఎక్కడికెళ్ళిందో నాలుగు స్టూడియోలకీ ముందే చెప్పెయ్. ఇక ఎవరికి వాళ్ళు నేరుగా వెళ్ళి అడుగుతారు."

"పంపాలంటే దానికి ముందు ఊపిరాడాలిగా! కొత్త ఫొటోలు వచ్చి పడుతూనే ఉన్నాయి. సగం ఒక్క పెళ్ళివే. అది ఆపితే తప్ప..."

"ఆపెయ్. ఎవరిదది?"

"నీదేనే. సార్ నీకు కానుకని ముగ్గురు కెమెరామన్లని పెట్టారు. ఆపితే సాయంత్రానికి మీ షో అందదు."

సత్యశ్రీకి ఈసారి నవ్వు రాలేదు. పొద్దున ఆ ముగ్గురూ లైట్లతో, వాటి గొడుగులతో మండపానికి అడ్డంగా నిలబడితే వెనకున్న జనానికి పెళ్ళి కనపడితే ఒట్టు. నాయనమ్మ కొండలమ్మకైతే కెమెరామన్ల వీపులు తప్ప ఇంకేం కనపడలేదు. 'సాయంత్రం తెర మీద చూద్దువులే' అని అందరూ ఆవిడకి నచ్చజెప్పారు. పైగా లక్ష్మీకాంత్ గారి మెలిక ఉండనే ఉంది. పెళ్ళికూతురి షో పడకపోతే ఆయన ముందు ఏ మొహంతో నిలబడాలి?

"ఏవండీ" అంది మొగుడితో మొట్టమొదటి సారిగా. "సాయంత్రం మన ఫొటోలు వేస్తే జిల్లాలో మిగతా పెళ్ళిళ్ళ షోలు ఆగిపోతాయి. మనవి ఆపితే అందరివీ పడతాయి."

జానకిరామ్ ఇంకో బూరె తుంచాడు. "దీనికి ఆలోచనెందుకు? మన మొహాలు మనవాళ్ళకి తెలియనివా? ఆపెయ్యమను."

"ఆపెయ్ హన్నా" అంది సత్యశ్రీ.

రిసెప్షన్ వేళకి హన్నా పరుగెత్తుకుంటూ వచ్చింది. మైలవరంలో షో పడింది, చల్లపల్లిలో పడింది, అన్ని చోట్లా పడింది. ఇక్కడ మాత్రం ప్రొజెక్టర్ ఉత్త తెల్లటి వెలుగు చిమ్ముతోంది. జనం కుర్చీలు ముందుకు జరుపుకుని ఎదురుచూస్తున్నారు. లక్ష్మీకాంత్ గారు తెర వంకా సత్యశ్రీ వంకా మార్చి మార్చి చూశారు.

"ఆగిపోయిందేంటమ్మాయ్?"

"ఆగలేదు సార్, నేనే ఆపాను" అని జరిగిందంతా చెప్పింది. నక్షత్రాల దగ్గర తను చేసిన తప్పు కూడా దాచలేదు.

ఆయన నోరు తెరిచేలోపే కొండలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చింది. "ఏమర్రా, నా మనవరాలి పెళ్ళి నాకు చూపిస్తారా, చూపించరా?"

జానకిరామ్ కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. "చూపిస్తాం నాయనమ్మా. తాళి రెండోసారి కట్టకూడదు గానీ తలంబ్రాలకేం అడ్డు?" అని వంటవాళ్ళ దగ్గర్నుంచి పసుపు కలిపిన బియ్యం తెప్పించాడు. సన్నాయివాళ్ళు సగం తిన్న ఐస్‌క్రీములు పక్కన పెట్టేసి లేచారు. సత్యశ్రీ దోసిలి నింపి అతని తల మీద కుమ్మరించింది. అతను పళ్ళెంతోనే పోశాడు. ప్రొజెక్టర్ వెలుగులో ఇద్దరి నీడలూ తెరంత పెద్దవై, నీడ చేతుల్లోంచి నీడ బియ్యం కురిసింది. జనం ఈలలు, కేకలు. కొండలమ్మ మొదటి వరసలో కూర్చుని పకపకా నవ్వింది.

లక్ష్మీకాంత్ గారి చెయ్యి అలవాటు కొద్దీ కెమెరా మీదకి పోయింది. ఒకడుగు ముందుకేసి, వెనక్కి తిరిగి ముసలావిడని చూసి పక్కకి జరిగారు.

"హన్నా, వైర్లు ఉండనీ గానీ, జంక్షన్‌కి రేపు ఇంకో కంప్యూటర్ పంపించాలి, గుర్తుచెయ్యి" అన్నారు.

సత్యశ్రీకి ఆ మాట చెవిన పడింది. రెండో దోసిలి పెద్దది పట్టింది.