ఎనిమిదో పువ్వు మీద ఫిర్యాదు

దయాకర్ చీరకు రాష్ట్ర పురస్కారం ఇవ్వడం లేదని ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసిన పట్టుచీర! ఉత్తరంలో ఒక మాట ఎంత కూడబలుక్కున్నా నోరు తిరగలేదు. చిట్యాల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కూతురు స్వర్ణలత చేతికిచ్చాడు.

"యానిమడ్వర్షన్ అంటరు బాపూ. ఎవరో పెద్ద నేతకారుడు నీ చీర మీద చేసిండట."

"అంటే తిట్టా?"

"గిప్పుడు గట్లనే. పుట్టినప్పుడు మాత్రం గట్ల లేదు. లాటిన్‌ల మనసు అటు తిప్పి చూసుడన్నట్టు. తర్వాత రోమ్ అధికారులు నేరం చూసి శిక్ష వేస్తే గూడ గదే మాట అన్నరు. ఇంగ్లీషుకొచ్చేసరికి తప్పువట్టుడైంది."

"మంచి మాటకు ఏం గతి వట్టింది! సరే, నా తప్పేందట?"

ఆమె కింది వాక్యం చదివింది. కొంగులో ఎడమవైపు ఎనిమిదో పువ్వుకు అద్దకంలో రంగు రాలేదు, కుంచెతో పూశారు.

నేతకు ముందే దారాన్ని రంగులో ముంచుతారు; రంగు అంటకూడని చోట రబ్బరు బిగించి కట్టాలి. ఆ పువ్వు దగ్గర ఒక ముడి ఎక్కువ పడి, ఎరుపు రావలసిన చోట తెలుపు మిగిలింది. నేసింది విప్పబోతుంటే ఆపినవాడు వెంకటనర్సు బావ. మల్లమ్మక్క మొగుడు, చిన్నప్పుడు తనకు ముడి వెయ్యడం నేర్పినవాడు. "పిచ్చోడా, నెల పని ఆగం జేసుకుంటవా? జర కుంచె పెట్టు, దేవునికి గూడ తెల్వది" అంటూ రంగు కూడా తనే కలిపి ఇచ్చాడు. ఆ కుంచె సంగతి ఎరిగిన నేతకారుడు అతనొక్కడే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే వేరే ఉంటుందా!

దయాకర్ విసవిసా పక్కింటికి నడిచాడు.

"బావా, రాసింది నువ్వేనా?"

వెంకటనర్సు దారాలకు రబ్బరు చుడుతూనే ఉన్నాడు. "పదేండ్ల సంది దరఖాస్తు పెడుతున్న. నీకు మొదటిసారే వస్తదంటే కడుపు మండింది. అబద్ధం రాసిన్నా చెప్పు?"

"అబద్ధమైతే నీ నోట్ల మన్ను వడ అని తిట్టి పోయేటోణ్ణి." దయాకర్ అతను చుడుతున్న దారం పట్టుకుని ఆపాడు. "నువ్వు చేయించిన తప్పు నువ్వే పైకి రాసి పంపితివి గదా బావా!"

లోపలి నుంచి మల్లమ్మ నీళ్ల చెంబుతో వచ్చింది. "కూసో తమ్మీ."

"అక్కా, బావ రాసింది నీకు ఎరుకేనా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "ఎరుకే తమ్మీ. ముందు నీళ్లు తాగు."