వెనక గది దాకా వైరు

పొద్దున్న లేచేసరికి వెనక గది ఇంకాస్త దూరం జరిగి ఉంది. వైరు బట్టలారేసే తాడులా బిగుసుకుంది. హైమవతి కాఫీ కలుపుకుంటూ దాన్ని వేలితో ఓసారి మీటి చూస్తుంది. ఫరవాలేదు, ఆయన ఇంకా చివర్నే ఉన్నాడు.

బెజవాడ వన్‌టౌన్‌లో వాళ్ళది రైలుపెట్టె ఇల్లు. ఒక గది వెనక ఇంకో గది, అన్నిటికన్నా వెనక ఆమె భర్త భాస్కరం పడుకునే గది. నెట్ డబ్బా ముందుగది అలమరలో ఉంటుంది. దసరాకి పెట్టిన కుంకుమబొట్టు దాని మీద ఇంకా చెరగలేదు. అక్కణ్ణుంచి వంటింటి మీదుగా వెళ్ళే వైరు భాస్కరం తలాపున ఉన్న ఊపిరి మిషన్లో దిగుతుంది. ఆయన ఊపిరి ఆ వైరు వెంబడే ఆసుపత్రికి పోతుంది. ఆసుపత్రివాళ్ళకి కనపడినంతకాలం మనిషి ఉన్నట్టు, కనపడకపోతే లేనట్టు. వాళ్ళ పద్ధతి అది.

కాఫీ చల్లారకముందే వైరు ఊడిపోతుంది. ఫోను మోగుతుంది.

"అమ్మా, మీవారు మాకు కనపడటం లేదండీ," అంటుంది ఆసుపత్రి అమ్మాయి, మర్యాదగానే. "సాయంత్రం దాకా చూసి పేరు తీసేస్తాం."

నెట్ కనెక్షన్లు చూసే వెంకటరత్నం భుజాన వైరు చుట్టతో వస్తాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరూ కట్టించని ఆ పొడుగాటి నడవాకేసి చూస్తాడు. దాని చివర వెనక గది తలుపు అగ్గిపెట్టంత ఉంది. అతనేం ఆశ్చర్యపోడు. ఈమధ్య చాలా ఇళ్ళలో ఇదే వరస.

"అతుకేస్తానమ్మా. కానీ వైరుకి ఓ హద్దుంటుంది. అది దాటితే ఇక్కడిది అక్కడికి చేరదు. వైర్‌లెస్ అయితే అతుకుల గోలే లేదు."

"అంత దూరం పోతుందా?"

"పోతుందండీ. ఇంకా ఎక్కడెక్కడికి పోతుందనేది మాత్రం మన చేతిలో ఉండదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హైమవతి వైర్‌లెస్సే పెట్టించుకుంటుంది. వైరు అటకెక్కుతుంది. ఇన్నాళ్ళూ వైరు అడ్డమని మూయని తలుపులన్నీ మూసుకుని, ఇల్లు ఎంత హాయిగా ఉందో అనుకుంటుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

గోడలకి చెవులుంటాయని అందరూ అంటారుగానీ, ఆకలి కూడా ఉంటుందని ఎవరూ చెప్పరు. భాస్కరం ఊపిరిలో ప్రతి గోడా తన వంతు తీసుకుంటుంది. చెయ్యి ఆనిస్తే గోడలు వెచ్చగా ఉన్నాయి, మెల్లగా పొంగి దిగుతున్నాయి. పైవాటా కామేశ్వరి మెట్లు దిగి వస్తుంది.

"వదినగారూ, అన్నయ్యగారి దగ్గు మా కుక్కర్లో వస్తోందండీ. ఏది విజిలో ఏది దగ్గో తెలీక పప్పు మాడింది."

"ఏమనుకోకమ్మా."

"అనుకోడానికేముంది. ఆయనకి తగ్గేదాకా మేం అన్నమూ పచ్చడీ తింటాంలెండి."

మళ్ళీ ఫోను. "సగమే కనపడుతున్నారండీ," అంటుంది ఆసుపత్రి అమ్మాయి. "కుడిపక్క."

హైమవతి ఆ పూటే వెంకటరత్నాన్ని పిలుస్తుంది. అతని చేత వైరు దింపించి, అతుకు మీద అతుకు వేయించి, నడవా పొడుగునా పరిపిస్తుంది. గోడలు తిన్నది మాత్రం తిరిగి ఇవ్వవు. వైరుకి చెవి ఆనిస్తే భాస్కరం గొంతు సన్నగా వినిపిస్తుంది.

"హైమా, వదిలెయ్. వైరు లాగుతోంది. నేను బయల్దేరాను కదా."

ఎక్కడికి అన్న మాట ఆమె నోటిదాకా వస్తుంది. కాపరానికొచ్చింది మొదలు, ఆయన చెప్పులేసుకుంటుంటే ఒక్కనాడూ ఆ మాట అడిగి ఎరగదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే ఆ మనిషి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి.

వెనక్కి రావాలి కదా, అనుకుంటుంది హైమవతి. దింపుడుకళ్ళం ఆశే, ఆమెకీ తెలుసు. వైరులో అడుగుతుంది. మాట హద్దు దాటదు. అప్పుడు ముందుగదిలోకి వెళ్ళి, నెట్ డబ్బా మీది కుంకుమబొట్టుకి పెదవులు ఆనించి అడుగుతుంది.

"ఎక్కడికండీ?"

వైర్‌లెస్‌లో మాట గోడలన్నీ దాటుకుని ఊరంతా పోతుంది. చెప్పుల్లో కాలు పెట్టినవాళ్ళందరూ ఆగిపోతారు. ఎప్పుడో పోయినవాళ్ళూ ఆగుతారు. అందరూ నడవాలోంచి వెనక్కొచ్చి ఆమె వంటింట్లో బారుగా కూర్చుంటారు. హైమవతి బిందెలో గ్లాసు ముంచి ఒక్కొక్కరికే ఇస్తుంది. తాగినవాళ్ళు గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోతారు.

అందరి వెనకా భాస్కరం వస్తాడు, ఊడిన వైరు ముంజేతికి చుట్టుకుంటూ. ఆయన ఎడమపక్కంతా సున్నం రంగులో ఉంది. వంటింటి గడప మీద కూర్చుంటాడు.

"నీళ్ళు," అంటాడు.

బిందె ఖాళీ. హైమవతికి సంతోషం ఆగదు. నీళ్ళు తాగకుండా ఆయన కదలడానికి లేదు.

"అయిపోయాయండీ. కుళాయి రేపటిగ్గానీ రాదు."

"సరేలే," అని ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు.

ముందుగదిలో ఫోను మోగితే ఆమె పరుగున వెళ్తుంది.

"మీవారు గోడతో సహా పూర్తిగా కనపడుతున్నారండీ," అంటుంది ఆసుపత్రి అమ్మాయి. "మీరే కనపడటం లేదు."

మొదలైన ప్రయాణం కడదాకా సాగాలి కాబట్టి, ఆయన ఆగిపోయాక ఇప్పుడు ముందుగది ఆమెతో బయల్దేరింది. వంటింటికీ దానికీ మధ్య కొత్త గచ్చు పరుచుకుంటూ పోతోంది. హైమవతి వైరు రెండో కొస రెండు చేతులా పట్టుకుని, అంత దూరాన గడప మీద కూర్చున్న భాస్కరం కేసి చూస్తుంది. ఎక్కడికని ఆయన ఒక్కసారి అడిగితే చాలు, వెనక్కి పోయి ఆయన పక్కన కూర్చుంటుంది.

ఆయన అడగడు. బయల్దేరిన మనిషిని అడగకూడదని ఆయనకీ తెలుసు. ఆమెకి అందేలా ముంజేతి మీది వైరు ఒక్కో చుట్టే విప్పి వదులుతుంటాడు. చుట్టలన్నీ అయిపోయాక, తొందర లేకుండా, ముంజేతిని కూడా అలాగే విప్పి వదలడం మొదలుపెడతాడు.