గుట్టకు పడమటి రాయి

అనంతయ్య సార్ మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. వేదిక మీద ఆయన ఫొటోకు వేసిన బంతిపూల దండే ఆయన మెడలోనూ ఉంది, చనిపోయి పదకొండేళ్లయిన మనిషి తన శతజయంతి సభకు తానే వచ్చాడని అక్కడ ఎవరికీ వింతగా లేదు, నాకూ లేదు. ఇది మా ఊరి చరిత్ర మండలి హాలే, కానీ కిటికీల అవతల ఉండవలసిన బస్టాండు లేదు, ఆముదపు చేలు ఉన్నాయి, గాలికి ఆ ఆకులు ఊగినప్పుడల్లా హాలు గోడలు కూడా కొంచెం ఊగుతున్నాయి. మైకులో ఎవరో ఊరు గర్వించదగ్గ పెద్దల పేర్లు చదువుతున్నారు, మొదటి ఆడపిల్లల బడి పెట్టినాయన, కలరా రోజుల్లో ఊరు వదలని వైద్యుడు, గుట్ట శాసనాన్ని వెలుగులోకి తెచ్చిన అనంతయ్య సార్. చివరి పేరుకు అందరూ చప్పట్లు కొడతారు, నేనూ కొడతాను, నా చేతుల్లోంచి చప్పుడు రాదు.

ఆ శాసనాన్ని కనిపెట్టింది నేను. ఇరవై రెండేళ్ల వయసులో సైకిలేసుకుని పోయి, తడి కాగితాన్ని రాయికి అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది, ఆ ప్రతిని ఆముదపు చెట్ల మీద ఆరబెట్టుకున్నది నేను. మూడు నెలలు కూర్చుని పదహారు పంక్తులూ చదివి, అంతా ఒక నోటుబుక్కులో రాసి, బడిలో నాకు చదువు చెప్పిన మనిషి కదా అని సార్ చేతిలో పెట్టాను. మరుసటి ఏడు పుస్తకం వచ్చింది, అట్ట మీద ఆయన పేరు, లోపల ఎక్కడా నా పేరు లేదు. నా నోట్సులో ఒక పొరపాటు ఉంది. మబ్బు పట్టిన రోజున గుట్ట చుట్టూ తిరిగి తిరిగి దిక్కు మరిచిపోయి, పడమట ఉన్న రాయిని తూర్పున ఉన్నదని రాశాను. పుస్తకంలోనూ తూర్పే ఉంది. మండలివాళ్లు తూర్పున ఒక చేని హద్దురాయి ముందు బోర్డు పాతి, ఏటా వారసత్వ దినం నాడు బడిపిల్లల్ని వరుసలో తెచ్చి దానికి దండ వేయిస్తారు, అక్షరాలు అరిగిపోయాయని చెబుతారు. నలభై ఏళ్లుగా నేను నోరు విప్పలేదు.

"పోదాం పా మౌళీ," అంటారు సార్, కుర్చీల వరుస కదిలి బస్సు సీట్ల వరుసైపోతుంది, మేము దిగేసరికి గుట్ట కిందే ఉన్నాం. ఆయన ముందు నడుస్తున్నారు, తూర్పు వైపుకే. నలభై ఏళ్లు దాచిన ప్రశ్న తరగతిలో బయటికి పోవడానికి అడిగే గొంతుతో వస్తుంది.

"సార్, నా పేరెందుకు తీసేసిన్రు?"

"నీళ్లు పట్టుకరాపో," అంటారు ఆయన.

వెళ్లి తెస్తాను. హద్దురాయి మీద కాగితం తడిపి, ఓపిగ్గా, ముద్దుగా బ్రష్‌తో కొడుతున్నారు. నేను ఆయన నోటినే చూస్తున్నాను, కలలోకి వచ్చే మనిషికి నాకు తెలిసినంతే తెలుస్తుందని ఈ కలలో కూడా నాకు గుర్తుంది, జవాబు నా దగ్గర లేకపోతే ఆయన మాత్రం ఎక్కణ్ణించి తెస్తారని భయంగా ఉంది.

"ఒక్కపారన్న వచ్చి చూసిన్రా సార్, రాయిని?"

"నువ్వు చూస్తివి గదరా."

"మీరు?"

"నువ్వు చూసినంక మల్ల నేను చూసుడెందుకు? నీ మీద నమ్మకం లేకనా?"

ఎంత ప్రేమగా అంటారో ఆ మాట. తన భుజం మీది తువ్వాలు తానే తీసుకున్నంత సులువుగా నా మూడు నెలలు తీసుకున్నాడీయన, దొంగచూపు కూడా లేదు, నా కోపానికి పట్టు దొరకడం లేదు.

కాగితం ఊడదీసి నా చేతికిస్తారు. తెల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు. "సదువు. అందరు ఇంటున్నరు," అంటారు. వెనక్కి తిరిగితే గుట్ట వాలంతా కుర్చీలు, మనుషులు, నా ముందు మైకు. ఇక్కడ ఏమీ లేదు, రాయి పడమట ఉంది, దాన్ని చదివింది నేను అని చెప్పాలి, ఇంతకు మించిన సమయం మళ్లీ రాదు. నేను ఖాళీ కాగితం పట్టుకుని శాసనం చదవడం మొదలుపెడతాను. ఎవరో సామంతుడి భార్య బావి తవ్వించిన సంగతి, బావికి ఇచ్చిన భూమి, ఆ భూమి హద్దులు, అన్నీ కంఠతా వచ్చు, తడబడకుండా చదువుతున్నాను. పంక్తి పంక్తికీ సార్ తలూపుతున్నారు, మొదటిసారి వింటున్నవాడిలా నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అప్పుడు తెలుస్తుంది, నా నోట్సును అచ్చుకు పంపాడే గాని ఈయన చదవనైనా లేదు.

పదిహేను పంక్తులయ్యాయి. పదహారోది రాయి చెక్కినవాడి పేరు. పాతవాళ్లు అది కూడా రాసేవాళ్లు, అన్నిటికన్నా కింద.

సార్ చెయ్యెత్తుతారు. "సాలు మౌళీ. గది ఎవలకు గావాలె?"

చప్పట్లు. నేను ఇంకా చదవబోతుంటే ఆయన తడి కాగితాన్ని నా ముఖానికి అంటించి, కదలకు అంటూ బ్రష్‌తో కొడుతున్నారు, పసిపిల్లవాణ్ణి జోకొట్టినట్టు, నొప్పి లేదు, ఊపిరి అందడం లేదు.

మెలకువ వచ్చేసరికి కింద చాప మీద బోర్లా పడి ఉన్నాను, ఎడమ చెంప చాపకు ఒత్తుకుని ఉంది. తెల్లవారింది. పది గంటలకు సభ, ఆహ్వానపత్రంలో అన్నిటికన్నా కింద, వందన సమర్పణ, నేను. లేచి అద్దం ముందు నిలబడతాను. కన్ను కింది నుంచి దవడ దాకా చాప అల్లిక గీతలు వరసగా దిగి ఉన్నాయి, వేలితో తడిమితే చేతికి తగులుతున్నాయి. ఒకటి రెండు అప్పుడే మాసిపోతున్నాయి. ముఖం కడుక్కోకుండా పంక్తులు లెక్కపెడుతూ నిలబడి ఉన్నాను.