వాచీ బెల్టు వాసన

శనివారం సాయంత్రం మిగతా ఇళ్ళల్లో ఏం జరుగుతుందో గానీ, ముత్తుకూరులో కరుణాకుమారి ఇంట్లో మాత్రం వాచీకి స్నానం జరుగుతుంది. వాచీ ఆమె భర్త జయకుమార్‌ది. పోర్టులో పదేళ్ళు పనిచేసినందుకు ఇచ్చారు. దానికి గోధుమరంగు తోలు బెల్టు. సముద్రపు గాలికీ, ఆయన చెమటకీ వారం తిరిగేసరికి దాని మీద బూజు, బూజు కింద జిగట. వాసన సంగతి చెప్పకపోవడమే మంచిది.

కరుణ హైస్కూల్లో లెక్కల టీచరు. బడి నుంచి వచ్చి, అన్నం పొయ్యి మీద పెట్టి, అత్త రెజీనమ్మ మోకాళ్ళకు నొప్పుల నూనె రాసి, అప్పుడు బెల్టు ముందేసుకుని కూర్చుంటుంది. జయకుమార్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. సాయం చేయడానికి కాదు, చెప్పడానికి.

"సబ్బు పెట్టబాక. తడిగుడ్డతో పైపైన తుడువు. ఎండలో వెయ్యబాక, నీడన ఆరబెట్టు. ఆరినాక బఠానీ గింజంత క్రీము. తోలంటే పసిబిడ్డ లాంటిది కరుణా."

సుద్దముక్కల పొడికి తన వేళ్ళు పగిలిపోయాయనీ, వాటికేదైనా క్రీము తెమ్మని ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయే మనిషి బెల్టు కోసం మాత్రం నెల్లూరు దాకా వెళ్ళి తెచ్చాడనీ, తన ఒంటి మీద ఉన్నదీ తోలేననీ ఆయనకు ఎలా గుర్తుచేయాలో ఆమెకు తెలియలేదు. ఒకసారి ఎవరూ చూడకుండా ఆ క్రీమే కాస్త మెటికలకు రాసుకుంది. బాగానే పనిచేసింది.

"మగోడి వాచీ చూస్తే ఇంట్లో ఆడది ఎట్టాంటిదో తెలిసిపోద్ది" అనేది రెజీనమ్మ, మంచం మీద నుంచి.

ఆ వారం పరీక్ష పేపర్లు కుప్పగా వచ్చి పడ్డాయి. కరుణ బెల్టు జోలికి పోలేదు.

ఆదివారం ముగ్గురూ చర్చికి వెళ్ళారు. అక్కడ జయకుమార్ భక్తిగా రెండు చేతులూ పైకెత్తాడు. పక్కనున్న సంఘపెద్ద జడ్సన్ గారు కళ్ళు మూసుకునే పక్కకు జరిగారు. ఫ్యాను ముందు వరస వైపు తిరిగింది. అక్కడెవరో ప్రార్థన ముగియకముందే ఆమెన్ అనేశారు.

"ఏం జయా, ఎండుచేపల బేరం మొదలుపెట్టినావా?" అన్నారు జడ్సన్ గారు బయటికొచ్చాక. చుట్టూ నవ్వులు.

"ఈ వారం మా కరుణ బెల్టు తుడవలా అన్నా. బద్ధకం దానికి" అన్నాడు జయకుమార్, అందరికీ వినబడేలా.

ఇలాంటి మాటలకు నవ్వి ఊరుకోవడం కరుణకు అలవాటు. ఈసారీ నవ్వబోయింది. నవ్వు బదులు మాట వచ్చింది.

"చెయ్యి మీది, చెమట మీది, వాచీ మీది. వాసన ఒక్కటే నాదాండీ?"

ముందుగా నవ్వింది రెజీనమ్మ. చేతికర్ర మీద ఒరిగి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మీ నాయన బూట్లు ముప్పై ఏళ్ళు తుడిచినాను రా. ఈ మాట నాకెందుకు తట్టలేదు!"

జయకుమార్ ఇంటికి రాగానే రోషంగా బకెట్టు లాగాడు. బెల్టును బట్టల సబ్బుతో నురగలు వచ్చేలా రుద్ది, మిద్దె మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో క్లిప్పు పెట్టి వేలాడదీశాడు. కిటికీలోంచి కరుణ అంతా చూసింది. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన కూర్చుంది.

సాయంత్రానికి బెల్టు కట్టెలా బిగుసుకుని వంకర తిరిగింది. ఆయన వంచబోతే పటుక్కుమంది.

"ముందే చెప్పొచ్చు గదా!"

"ప్రతి శనివారం మీరే గదండీ నాకు చెప్తా ఉండేది. మీకు తెలుసనుకున్నా."

ఆయన ముక్కలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నిలబడింది చాల్లే జయా, పోయి టీ పెట్టు. ముగ్గురికీ" అంది రెజీనమ్మ.

కరుణ లేవబోతే అత్త ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగింది. వంటింట్లో గిన్నెలు మోగాయి. ఏదో కింద పడింది.

"కరుణా, పంచదార ఎక్కడుండాది?"

"వెతుక్కోండి" అంది కరుణ. ఆ మాట అనడం ఇంత తేలికని అన్నాకే ఆమెకు తెలిసింది.