ఆరు అన్న మనిషి

జైలు నుంచి బెయిలు మీద వచ్చిన ఆడవాళ్లు ఉండే ఇల్లది. ఆ వారం ఐదుగురున్నారు. ఇల్లు నడిపే ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. ఇక్కడ హాజరు లెక్క లేదని ఆవిడ మొదటిరోజే చెబుతుంది. అయినా పొద్దున ఎనిమిదిన్నరకు ఐదుగురూ హాల్లో గోడవారన నిలబడి అంకెలు చెబుతారు. అలవాటు.

సోమవారం వరసలో చివర చిట్టి నిలబడింది. ఇరవై మూడేళ్లు. బెయిలు షరతు ప్రకారం ప్రతి సోమవారం పదింటిలోగా పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి. పోయిన సోమవారం పెద్దమ్మ ఇంట్లో లేదు. చిట్టి మూసిన తలుపు ముందు మధ్యాహ్నం దాకా నిలబడిపోయింది. జైల్లో మూడేళ్లు ఏ తలుపూ తను తీయలేదు. ఈసారి కూడా తప్పితే బెయిలు రద్దన్నాడు లాయరు.

“ఐదు,” అంది చిట్టి.

“ఆరు,” అని ఆమె పక్కనుంచి వినిపించింది. పక్కన గోడ ఉంది.

వంటామె గరిటెతో బయటికొచ్చింది. “ఎవరే ఆ వేళాకోళం? ఆరో మనిషికి నేను వండలేదు.”

మళ్లీ చెప్పారు. మళ్లీ ఆరు వచ్చింది. నలుగురు వంటింట్లోకి జారుకున్నారు. చిట్టి కదల్లేదు.

“తొమ్మిది దాటిందే తల్లీ, పద,” అంది పెద్దమ్మ.

“లెక్క తప్పింది పెద్దమ్మా. తేలకుండా కదిలితే ఊరుకోరు.”

“ఊరుకోకపోవడానికి ఇక్కడెవరున్నారే?”

“జైల్లో నా తర్వాత, మేమంతా అత్త అని పిలిచే ముసలామె ఆరు అనేది. నాకు బెయిలొచ్చిన రోజే పోయింది. శవాన్ని తీసుకెళ్లడానిక్కూడా ఎవరూ రాలేదు.”

పెద్దమ్మ గడియారం చూసింది. వంటామె కోసం పలక మీద రాసిన ఐదును చెరిపి, ఆరు వేసింది.

“ఇంకో కంచం పెట్టు.”

“పెడతా. తినకపోతే నన్నడక్కండి,” అంది వంటామె.

“లెక్క సరిపోయింది,” అని పెద్దమ్మ పైకే చెప్పింది. చిట్టి కాళ్లు కదిలాయి. వీధి తలుపు పెద్దమ్మే తీసింది.

పదికి ఐదు నిమిషాలుందనగా చిట్టి సంతకం పెట్టింది. మహిళా కానిస్టేబుల్ అద్దాల తలుపు వైపు చూసింది.

“ఆ ముసలావిడ మీతో వచ్చిందేగా? అలా నిలబడిందేం? లోపలికి రమ్మనండి.”

పెద్దమ్మ తిరిగి చూసింది. మెట్లు కనిపించాయి, రోడ్డు కనిపించింది.

“ఎవరైనా తీస్తేగానీ రాదు,” అంది చిట్టి.

లేచి వెళ్లి పిడి పట్టుకుంది. తలుపు లాగి, ఒక మనిషి దాటేంతసేపు పట్టుకుని, మూసింది.